అలుపెరుగని కడియాలు

సముద్రపు రేవులో ఆ ఏడు కూడా లోహగిరి కత్తి విరిగింది.

ఏడు దీవుల వర్తకులు వరసగా కూచుని చూస్తూండగా, పరీక్షించే మనిషి కత్తి మొనను నేలకు ఆనించి, పిడిమీద చెయ్యి వేసి ఇంత వంచాడో లేదో, ఫట్టుమని రెండు ముక్కలైంది. అదే మనిషి పక్కనున్న నీలావతి రాజ్యపు కత్తిని తీసుకుని మొలతాడులా నడుముకు చుట్టుకున్నాడు. వదిలేసరికి అది తిన్నగా నిలిచింది. దానితోనే గాలిలో వేలాడుతున్న పట్టుగుడ్డను నిలువునా కోశాడు. వర్తకులంతా లేచి నీలావతి డేరాలవైపు నడిచారు. మూడు ఓడలకు సరిపడా లోహగిరి కత్తులు ఎవరూ ముట్టుకోక, ఉప్పుగాలికి తుప్పు పడుతూ ఉండిపోయాయి.

ఒకనాడు ఈ లోహగిరి కత్తికోసమే ఓడలు లంగరు వేసుకుని నెలల తరబడి కాచుకునేవి. ఆ సంగతి తలుచుకుంటే కథ చెబుతున్న నాకే ఒళ్ళు మండుతుంది. ఇక మహారాజు ఉదగ్రసేనుడికి మండదా? మండింది. కాని మండవలసిన వాళ్ళమీద మండలేదు.

"మన కమ్మరులు సోమరులు. అయిదు రోజుల్లో మూడు రోజులు పడుకుని పెరిగిన జాతి అది," అన్నాడు సభలో.

సోమరులట. ఆ మూడు రోజుల సంగతేమిటో నేను చెబుతాను.

లోహగిరిలో ఉక్కు వండేటప్పుడు ఇనుప ముక్కల్నీ తంగేడు చెక్కనూ మట్టి మూసలో పెట్టి, పైన మూత మెత్తి, ఒక పగలూ ఒక రేయీ తిత్తి తొక్కుతూ కొలిమిలో కరిగిస్తారు. కరిగాక కొలిమి ఆర్పి, మూసల్ని బూడిదలో కప్పి, మూడు రోజులపాటు వాటి జోలికి పోరు. వాటిని చల్లారు దినాలనేవారు. ఆ మూడు రోజులూ కమ్మరివీధిలో తిత్తి ఊదితే తప్పు, సుత్తి ఎత్తితే తప్పు. జనం తలంటి పోసుకునేవారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవారు, కంటినిండా నిద్రపోయేవారు. ఎందుకీ ఆచారం అని ఎవరైనా అడిగితే, "అగ్నిదేవుడు పడుకునే రోజులు" అని చెప్పేవారు. అసలు కారణం తాతలకే గుర్తులేదు. కొంప ముంచింది అదే. రాజు వచ్చి "మానెయ్యండి" అన్నప్పుడు, ఎందుకు మానకూడదో చెప్పడానికి వీధి మొత్తంలో ఒక్కడికి నోరు పెగల్లేదు.

రాజు చేత అలా మానిపించినవాడి పేరు అశ్రాంతుడు. మూడేళ్ళ కిందట ఉత్తరపు కొండలు దిగి వచ్చిన మాంత్రికుడు. నిప్పుకణికల్లాంటి కనుగుడ్లు, మోకాళ్ళదాకా జీరాడే ఎర్రని జడలు, మెడలో ఎలుగు గోళ్ళ మాల, చేత నాగఫణపు దండం, భుజాన నల్లని తోలుసంచి; ఆ సంచిలో ఎప్పుడూ ఏదో మూలుగు. రెప్ప వెయ్యడు, కూర్చోడు, ఆవులించడు. "మహారాజా, మీ రాజ్యం నిద్రపోతోంది. నేను లేపుతాను," అని సంచి మూతి విప్పాడు. అందులోంచి శీతలుడనే గాలిభూతం బుస్సుమని లేచి, ఎర్రగా కాలుతున్న మూసల మీద ఊదింది. మూడు రోజుల్లో చల్లారేవి మూడు గడియల్లో చల్లారాయి. చల్లారు దినాలు ఆ పూటతో రద్దయ్యాయి.

కత్తులు గుట్టలుగా పడ్డాయి. మొదటి ఏడు రేవులో విరిగాయి. విరిగినకొద్దీ ఇంకా చెయ్యమన్నాడు రాజు. ఇనుము చాలకపోతే పాత సమ్మెటలూ డాకళ్ళూ కూడా కరిగించి కత్తులకు పోయించాడు. రెండో ఏడు విరిగాయి. మూడో ఏడు కూడా విరిగేసరికి, అశ్రాంతుడు కొత్త ఉపాయం తెచ్చాడు. లోహగిరి కొలిమిలోనే ముప్పై ఆరు నల్లని కడియాలు పోయించి, శీతలుడి చేత ఊదించి చల్లార్చి, మంత్రించి, ముప్పై ఆరుగురు తిత్తి తొక్కేవాళ్ళ కాళ్ళకు తగిలించాడు. తగిలించిన కాలు ఇక ఆగదు. అన్నం తింటున్నా తొక్కుతూనే ఉంటుంది, స్పృహ తప్పినా తొక్కుతూనే ఉంటుంది. నలభై రోజులు గడిచి పొద్దు కుంకే వేళకు ఆ మనిషి ఇనుప బొమ్మ అయిపోతాడు.

"ఇనుప బొమ్మ అయ్యాక?" అని అడిగాడు రాజు.

"అయ్యాక కూడా తొక్కుతాడు ప్రభూ. కూడు పెట్టే పని ఉండదు."

రాజు సంతోషించాడు. అబద్ధం చెప్పడం లేదు, పళ్ళు కనబడేలా నవ్వాడు.

ఇదంతా జరిగేనాటికి కేతోజు ఊళ్ళో లేడు. అతను కమ్మరివీధి కుర్రవాళ్ళలో కెల్లా చెవి చురుకైనవాడు. సుత్తి దెబ్బ వినే ఆ ఉక్కు మంచిదో కాదో చెప్పగలడు. తంగేడు బొగ్గు కాల్చడానికి కొండల్లోకి పోయి, కడియాలు పడ్డ ముప్పై ఆరో రోజు పొద్దున తిరిగి వచ్చాడు. వీధి మొగలో అడుగుపెట్టగానే తిత్తుల చప్పుడు వినబడింది. పాత లెక్కన అది చల్లారు దినాల్లో రెండో రోజు.

అతని అక్క మైలమ కొలిమిశాలలో కొయ్య కడ్డీ పట్టుకుని, తిత్తి తొక్కుతూ ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకు పెంచింది ఆమే. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు బూడిదరంగు తిరిగి, తాకితే చల్లగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా?" అంది తొక్కుతూనే.

కేతోజు మూలనున్న సమ్మెట ఎత్తి కడియం మీద శక్తికొద్దీ కొట్టాడు. సమ్మెట తల కుండపెంకులా పగిలి చేతిలో కామ మిగిలింది. కడియం మీద గీటు కూడా పడలేదు.

"మంత్రం అది. అందరూ కొట్టి చూశారు. ఉన్న సమ్మెటలన్నీ అలాగే పగిలాయి," అంది మైలమ. "నలభై రోజులకు ఇనుప బొమ్మలమైపోతే కూడు పెట్టే పని ఉండదని రాజు నవ్వాడట. నాకు నిద్ర కావాలిరా కేతూ. ఇంకేం వద్దు. ఒక్క పూట నిద్ర కావాలి."

కేతోజు నేరుగా రాజసభకు వెళ్ళాడు. బంట్లు అడ్డుపడితే తోసేసి వెళ్ళాడు.

"ప్రభూ, మా అక్క కడియం తీయించండి."

ఉదగ్రసేనుడు కళ్ళెర్ర చేశాడు గాని, అంతలో అతనికి వేరే ఆలోచన వచ్చింది. "నీలావతివాళ్ళకు ఇంత ఉక్కు, అంత మంచి ఉక్కు ఎలా వస్తోంది? వాళ్ళ దగ్గర మనకన్నా పెద్ద భూతం ఉందని వేగులవాళ్ళు చెబుతున్నారు. పగలంతా కొలిమిశాలలో అది గర్జిస్తూ ఉంటుందట. దాన్ని పట్టి తెస్తావా?"

"తెస్తే?"

"ఆ భూతం నా చేతికొస్తే ఈ మనుషులతో నాకేం పని? ముప్పై ఆరు కడియాలూ తీయిస్తాను. నలభయ్యో రోజు పొద్దు కుంకేలోగా తేవాలి. తేకపోతే ముప్పై ఏడో కడియం నీ కాలికి."

ఈ మనుషులతో నాకేం పని అన్నాడు చూశారా. ఆ మాట కేతోజు పళ్ళ బిగువున దాచుకుని బయలుదేరాడు.

రెండు రాజ్యాలకూ మధ్య కత్తెర కనుమ ఉంది. ఆకాశాన్నంటే రెండు నల్లరాతి కొండచరియలు పది ఊపిర్ల కొకసారి దగ్గరికి వచ్చి ఖంగుమని మూసుకుంటాయి, మళ్ళీ విడిపోతాయి. మధ్యన నలిగిన ఏనుగుల ఎముకలు తెల్లగా మెరుస్తుంటాయి. కేతోజు తిత్తి తొక్కి పెరిగిన మనిషి, ఊపిరి లెక్క అతనికి కొత్తకాదు. చరియలు విడివడగానే పరుగందుకున్నాడు. తొమ్మిదో ఊపిరికి అవతల గడ్డిలో దొర్లి పడ్డాడు. తలపాగా కొస మాత్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే తెంపుకుని లేచాడు. ఆపైన మొసళ్ళమడుగు. దానికి దారి లేదు, పడవ లేదు. ఒడ్డున ఊడలా దిగిన అడవితీగ పట్టుకుని ఊగాడు. నడిమడుగులో తీగ తెగింది. నీళ్ళలో పడ్డ చప్పుడుకు నాలుగు మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని వస్తే, మొలలోని బొగ్గుసంచి పెద్దదాని నోట్లో కుక్కి, దాని వీపు మీదుగా గెంతి గట్టెక్కాడు. మిగిలిన మూడూ బొగ్గు కోసం దానితో కుమ్ములాడుతూ ఉండిపోయాయి.

నీలావతి పొలిమేర కనబడగానే మేకవెంట్రుకల గడ్డం పెట్టుకుని, నడుము వంచి, నెత్తిన తంగేడు చెక్క మోపుతో చెక్క అమ్మే ముసలివాడైపోయాడు. కోటవాకిట్లో కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు. కేతోజు చెయ్యి మోపులోని బాకు మీదికి పోయింది.

"ఏం తాతా, ఈ ఎండలో నువ్వు మొయ్యడమేమిటి? ఇంట్లో పిల్లలు లేరూ?" అని ఆ కాపలావాడు మోపు దించి, ముంతతో మజ్జిగ ఇచ్చాడు.

కేతోజు మజ్జిగ సగంలో ఆపి కాపలావాడి కేసి చూశాడు. లోహగిరి కమ్మరివీధిలో తాతా అని పిలవడానికి ఒక్క మనిషి మిగల్లేదు. యాభై దాటినవాళ్ళను చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

ఆ నగరాన్ని ఏమని చెప్పను? పచ్చరాతి ప్రాకారాలు, పగడాల తోరణాలు, ఇంటింటి ముంగిటా మల్లెపందిళ్ళు, వీధుల నడుమ రాతికాలువల్లో గలగలా పరుగెత్తే ఏటినీరు, ఆ నీటిమీద తేలిపోయే సంపెంగ రేకులు. కమ్మరివీధిలో మాత్రం పట్టపగలు కూడా సుత్తి చప్పుడు లేదు. అరుగుల మీద నులకమంచాలు, మంచాల మీద గుర్రుపెడుతున్న మగవాళ్ళు. ఆడవాళ్ళు గవ్వలాడుతున్నారు. నెరిసిన తలల ముసలి కమ్మరులు మనవలకు బొమ్మబండ్లు చేసి ఇస్తున్నారు.

మీరైతే చూసి మురిసిపోయేవారేమో. కేతోజుకు కడుపు మండిపోయింది. అక్కడ అక్క మోకాళ్ళదాకా ఇనుమై తొక్కుతుంటే ఇక్కడ వీళ్ళకు గవ్వలాటలా? ఏ పాపిష్టి భూతాన్ని కట్టేసి పని చేయించుకుంటున్నారో అనుకున్నాడు. అంతలో వీధి చివర, ఏటి ఒడ్డునున్న పెద్ద కొలిమిశాలలోంచి గర్జన వినబడింది. ఆగి, మళ్ళీ వచ్చింది. ఆగి, మళ్ళీ వచ్చింది.

వెనకగోడ ఎక్కి లోపలికి దూకాడు. మోపులోంచి బాకు లాగాడు. "భూతమా, బయటికి రా," అని అరిచాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు నాయనా?"

మూలన పీటమీద కూచుని, ఆకుమడత నములుతూ ఒక పెద్దావిడ కనబడింది. జుట్టంతా ముగ్గుబుట్ట. ఆమె పేరు సూరసాని, ఆ కొలిమిశాలకు పెద్ద. ఆమె వెనక, ఏటి పాయ పడే చోట, మనిషికి రెండింతల ఎత్తున్న కొయ్యచక్రం నీటి దెబ్బకు తిరుగుతోంది. చక్రపు ఇరుసుకున్న మేకు తిరిగి వచ్చినప్పుడల్లా ఒక పెద్ద తిత్తిని నొక్కుతోంది. తిత్తి గర్జించి కొలిమిలోకి గాలి కొడుతోంది. తొక్కేవాడు లేడు. అంత కొలిమికీ సూరసాని ఒక్కతే కాపు.

"భూతం ఏది?" అన్నాడు కేతోజు.

"అదుగో, ఏరు. గడ్డం ఊడిపోయింది, చూసుకో."

కేతోజు గడ్డం పీకి నేలకు కొట్టాడు. తను ఎవరో, ఎందుకొచ్చాడో, అక్క సంగతేమిటో అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. సూరసాని నమలడం ఆపింది.

"లోహగిరిలో చల్లారు దినాలు తీసేశారా? మా తాతకు ఆ పద్ధతి నేర్పిందే మీ ఊరు కదయ్యా. మీ వీధిలో పన్నెండేళ్ళు ఊడిగం చేసి నేర్చుకొచ్చాడు."

"అగ్నిదేవుడు పడుకునే రోజులన్నారు మావాళ్ళు. రాజు కాదన్నాడు, మానేశారు."

"ఎందుకని ఎప్పుడూ అడగలేదా నువ్వు?"

"లేదు."

సూరసాని లేచి, బూడిదలోంచి చల్లారిన మూస ఒకటి, కొలిమిలోంచి కాలుతున్న మూస ఒకటి తీసింది. కాలుతున్నదాన్ని నీళ్ళ తొట్టిలో ముంచింది. రెండూ పగలగొట్టి, లోపలి ఉక్కుముద్దల్ని డాకలి మీద పెట్టి చెరో దెబ్బ వేసింది. నీళ్ళలో ముంచింది సన్నగా, పీలగా కీచుమని, పలుకులుగా చిట్లిపోయింది. బూడిదలో పడుకున్నది బరువుగా మోగి, దెబ్బను లోపలికి తీసుకుని, కొంచెం సాగింది.

"వేడి నెమ్మదిగా దిగితే లోపల ఉక్కు సర్దుకుంటుంది. తొందరపెడితే పెళుసు. అంతేనయ్యా. పది మూసలు వండితే మాకు తొమ్మిది నిలుస్తాయి. మీకు?"

"రెండు. ఒక్కోసారి ఒకటి."

"మరి రేయింబవళ్ళు తొక్కి ఏం బావుకున్నట్టు? ఎనిమిదింటి చాకిరీ బుగ్గిలో పోసినట్టేగా."

కేతోజు చక్రం కేసి చూశాడు. "ఇది చేసింది ఏ మాంత్రికుడు?"

"మాంత్రికుడూ లేడు, గీంత్రికుడూ లేడు. మా అత్త. చల్లారు దినాల్లో ఊసుపోక ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూచుంటే, నీళ్ళు కాళ్ళను తోశాయట. నేను రోజూ తిత్తి తొక్కే బలం ఇంతే కదా అనిపించిందట. ఆ కాళ్ళకు తీరిక లేకపోతే ఆ సంగతి తట్టేదే కాదు."

అప్పుడు వచ్చింది కేతోజుకు అసలు కోపం. నీలావతి మీద కాదు. మూడేళ్ళు నోరు మూసుకుని కొట్టిన తన మీద, చెప్పకుండా పోయిన తాతల మీద, కూడు పెట్టే పని ఉండదని పళ్ళు ఇకిలించిన రాజు మీద. చేతిలోని బాకును డాకలికేసి కొట్టాడు. అది లోహగిరి బాకు, ముక్కలైంది.

సూరసాని దూలంలో దోపిన చిన్న సుత్తి తీసి అతని చేతికిచ్చింది. తలమీద తంగేడు పువ్వు గుర్తు ఉంది. అది లోహగిరి కమ్మరుల పాత గుర్తు. "మా తాత మీ ఊరినుంచి తెచ్చుకున్నది. మీదే. తీసుకుపో."

"మేం మళ్ళీ మంచి కత్తులు చేస్తే మీకు పోటీ కదమ్మా?"

"పోటీ లేకే మావాళ్ళకు ఒళ్ళు బరువెక్కింది. మూడేళ్ళుగా మీ కత్తులు విరగడం చూసి నవ్వుకోవడంతోటే సరిపోతోంది వీళ్ళకు. వెళ్ళిరా. మీ అక్కను నేను అడిగానని చెప్పు."

తిరుగు దారిలో మడుగు దాటి, ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి కేతోజు కత్తెర కనుమ చేరాడు. అక్కడ మబ్బు లేకుండానే చలిగాలి కొట్టింది. అశ్రాంతుడు తన దండంలో అంతా చూసి శీతలుణ్ణి పంపాడు. తాటిచెట్టంత గాలిభూతం, మంచుగడ్డల దంతాలతో, చరియల మధ్య నిలబడి ఊదింది. కేతోజు కనుబొమల మీద మంచు పేరుకుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. రాయి వెనక దాక్కుంటే రాయి చిట్లింది. చెట్టు పట్టుకుంటే చెట్టు విరిగింది. భూతం అతణ్ణి నడుం పట్టుకుని పైకెత్తి నోటిదాకా తెచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఆవులించింది.

అంత పెద్ద ఆవులింత కేతోజు తన పుట్టుకలో చూడలేదు. ఆ ఊపుకు భూతం కాలు జారి రాతికి గీరుకుంది. కీచుమని సన్నటి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు కేతోజు చెవికి తెలుసు. నీళ్ళలో ముంచిన ఉక్కు చప్పుడు.

"నీ కాలికీ కడియమా?" అన్నాడు.

"మూడేళ్ళయింది నిద్రపోయి," అంది భూతం. పాపం, గొంతు జీరపోయింది. "మీ ఊళ్ళో మీరు నలభై రోజులకే ఏడుస్తున్నారు."

కేతోజుకు అప్పుడు వెలిగింది. సమ్మెటలు పగిలింది మంత్రానికి కాదు. అవీ పెళుసే, కడియమూ పెళుసే. పెళుసుతో పెళుసును కొడితే ఏది ముందు పగులుతుందో ఎవరు చెప్పగలరు? చల్లారిన ఉక్కుతో ఎవడూ కొట్టి చూడలేదు. చూడటానికి లోహగిరిలో అలాంటి సుత్తి ఒక్కటీ మిగల్లేదు.

"నన్ను దించు. కాలు కదపకు."

భూతం దించింది. కేతోజు వేలితో మీటి కడియమంతా వింటూ పోయి, గొంతు మారిన చోట ఒక్క దెబ్బ వేశాడు. కడియం గాజులా చిట్లి రాలిపోయింది. శీతలుడు దణ్ణం పెట్టలేదు, వరం ఇవ్వలేదు. ఉన్నవాడు ఉన్నట్టే రెండు చరియల మధ్యా అడ్డంగా పడి నిద్రపోయాడు. చరియలు అతని భుజాలకు తగిలి ఆగిపోయాయి. కేతోజు ఆ బొజ్జ మీదుగా నడిచి అవతలికి దిగాడు.

నలభయ్యో రోజు బారెడు పొద్దుండగా అతను కొలిమిశాల ముంగిట్లో నిలబడ్డాడు. ముప్పై ఆరు తిత్తులు దడదడలాడుతున్నాయి. మైలమ నడుందాకా బూడిదరంగు తిరిగింది. ఇనుప మనుషుల వేడుక చూడటానికి రాజు సింహాసనం అక్కడికే తెప్పించుకున్నాడు. పక్కన అశ్రాంతుడు నిలబడి ఉన్నాడు.

"భూతం ఏదిరా?" అన్నాడు ఉదగ్రసేనుడు.

"భూతం లేదు ప్రభూ. వాళ్ళ తిత్తిని ఏరు తొక్కుతోంది. వాళ్ళ మూసలు మూడు రోజులు చల్లారుతున్నాయి. వాళ్ళ మనుషులు నిద్రపోతున్నారు. అంతే రహస్యం. అది మనదే. మన దగ్గర నేర్చుకుని వాళ్ళు దాచుకున్నారు, మనం పారేసుకున్నాం. మూడేళ్ళలో ఒక్క పూటైనా తమరు మన కత్తి ఎందుకు విరుగుతోందని అడిగారా? ఎన్ని చేశారనే అడిగారు. అడగాల్సింది మేమూ అడగలేదు, ఆ తప్పు నాది. కాని కూడు పెట్టే పని ఉండదని నవ్వింది మాత్రం తమరు."

రాజు మొహం కందగడ్డలా అయింది.

"నిద్ర రహస్యమట. వీడి కాలికి వెయ్యండి."

నలుగురు బంట్లు కేతోజును పడదోసి ముప్పై ఏడో కడియం బిగించారు. కాలు దానంతటదే లేచి తొక్కడం మొదలెట్టింది. మైలమ పక్కన నిలబెట్టి వదిలేశారు. కడియం పడ్డవాడు ఎక్కడికి పోతాడని వాళ్ళ ధీమా. చేతులు ఖాళీగానే ఉన్నాయి. కేతోజు మొలలోంచి సుత్తి లాగి, తొక్కుతూనే వంగి, అక్క కడియాన్ని మీటి, విని, కొట్టాడు.

కడియం చిట్లింది. నలభై రోజుల తర్వాత మైలమ కాలు ఆగింది. ఆమె కడ్డీ వదిలి కింద కూలబడింది. నడుం దగ్గరనుంచి బూడిదరంగు మెల్లగా కిందికి దిగసాగింది.

"మీటి చూడక్కా, గొంతు మారిన చోట కొట్టు. నాది వదిలెయ్, నాకు నలభై రోజులుంది. ముందు వాళ్ళవి," అని సుత్తి ఆమె చేతిలో పెట్టాడు కేతోజు.

"పట్టుకోండి దాన్ని," అంటూ ఉదగ్రసేనుడు తానే కత్తి దూసి మీదికి వచ్చాడు. ఆ ఏటి కత్తులన్నిటిలోకీ ఏరి, రత్నాల పిడి తొడిగించుకున్న కత్తి. మైలమకు లేవడానికి కాళ్ళు రాలేదు. సుత్తి మాత్రం అడ్డం పెట్టింది. తంగేడు పువ్వు మీద పడి కత్తి మూడు ముక్కలైంది. రత్నాల పిడి పట్టుకుని రాజు అలాగే నిలబడిపోయాడు. బంట్లు తమ ఒరల్లోని కత్తుల కేసి చూసుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

"శీతలా," అని పిలిచాడు అశ్రాంతుడు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు.

"నిద్రపోతున్నాడు, లేపకు," అన్నాడు కేతోజు.

రాజు మాంత్రికుడి మీదికి తిరిగాడు. "ఇదా నువ్వు చేయించిన కత్తి? మూడేళ్ళు నన్ను ఏడు దీవుల్లో నవ్వులపాలు చేశావు. కట్టెయ్యండి వీణ్ణి."

అశ్రాంతుడు మొదటిసారి నవ్వాడు. "నిద్రపోని రాజ్యం అడిగావు, ఇచ్చాను. రాజు మాత్రం రాజ్యంలో లేడా?" అంటూ ఎర్ర జడల్లోంచి ఇంకో కడియం తీసి, ఒక్క విసురున ఉదగ్రసేనుడి కాలికి వేశాడు. వేసి, దండం నేలకు కొట్టి, పొగై పైకి లేచి ఉత్తరపు కొండలవైపు మళ్ళాడు.

మహారాజు కాలు లేచింది, పడింది. ఆ కాలే అతణ్ణి ఖాళీ అయిన మైలమ తిత్తి దగ్గరికి తీసుకుపోయి, కేతోజు పక్కన నిలబెట్టింది. ముప్పై ఆరు తిత్తులూ మళ్ళీ ఒక్క వరసన దడదడలాడాయి. కొండ అంచుకు పొద్దు ఆనింది. ముప్పై అయిదుగురి మెడలదాకా బూడిదరంగు పాకుతోంది.

మైలమ చేతుల మీద ఈడ్చుకుంటూ సుత్తితో కదిలింది. రాజు ఆమె దారికి అడ్డంగా చెయ్యి చాచాడు. కిరీటం చెవిమీదికి జారింది. "మైలమా, ముందు నాది. ముందు నాది తియ్యి. నేను నీ రాజును."

ఆమె ఆగి, ఆ కాలినీ కడియాన్నీ చూసింది.

"తమరికింకా నలభై రోజులుంది ప్రభూ. తొక్కండి," అని, పక్క తిత్తి వైపు పాకి, మొదటి కడియానికి చెవి ఆనించింది.